ఏడుగురు అపరిచితులు, ఒక పాత అబద్ధం: పగ, ప్రాణాంతకమైన ఆట చుట్టూ తిరిగే క్రైమ్ థ్రిల్లర్ రాయడం ఎలా

కొంతమందిని ఒక బంగళాలో చేర్చి, దారులన్నీ మూసేసి, ఒక్కొక్కరినీ లేపేసుకుంటూ పోవడం చదవడానికి భలే ఉంటుంది. రాయడానికి కూర్చుంటే మాత్రం మూడో శవం దగ్గరికి వచ్చేసరికి కథ చతికిలబడుతుంది. ఎందుకంటే చాలామంది చావుల దగ్గర మొదలుపెడతారు. ఎవర్ని ఎలా చంపాలి, ఏ గదిలో చంపాలి, రక్తం ఎంత చూపించాలి అని ఆలోచించి, చివర్లో హడావుడిగా ఒక ఫ్లాష్‌బ్యాక్ అతికించి 'ఇదీ నా పగ' అనిపిస్తారు. పాఠకుడు పుస్తకం మూసి 'ఓహో' అనుకుని టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోతాడు, అంతే.

నా లెక్క వేరు. ఈ రకం నవలకి ప్రాణం అపరిచితుల మధ్య దాచిపెట్టిన సంబంధంలో ఉంటుంది. మనవాళ్ళు రైల్లో ఐదు నిమిషాలు పక్కపక్కన కూర్చున్నా చాలు, 'ఏ ఊరండీ, ఎవరి తాలూకు' అని మొదలుపెట్టి చివరికి ఎవరో ఒక మేనత్త తోటికోడలి దగ్గర తేలతారు. అలాంటి మనుషుల మధ్య ఏడుగురిని అపరిచితులుగా నిలబెట్టడమే పెద్ద పని. కానీ ఆ కబుర్లలోంచే నిజం బొట్టుబొట్టుగా కారుతుంది కాబట్టి మనకి దొరికే అసలు సరుకు కూడా అదే. అందుకే ఈ మార్గదర్శిలో హత్యల గురించి తక్కువ, మాటల గురించి ఎక్కువ చెప్తాను. చెప్పేది గాల్లో ఉండకుండా ఒక కథని మొదటి నుంచి కడుతూ వెళ్తాను, మీరు మీ కథకి తగ్గట్టు మార్చుకోండి.

మొదటి మెట్టు: పాత తప్పుని ఒక్క వాక్యంలో రాయండి

ముందు పగ సంగతి తేల్చుకోవాలి. 'మా అన్నని చంపారు, అందుకే చంపుతున్నా' అనేది పగే, కాదనను, కానీ దాంట్లో మలుపు తిప్పడానికి చోటు లేదు. చంపినవాళ్ళు రాక్షసులు, పగ తీర్చుకునేవాడు వీరుడు, మధ్యలో పాఠకుడికి పని లేదు. దానికి బదులు తలా ఒక చిన్న తప్పు చేసిన ఏడుగురిని తీసుకోండి. విడివిడిగా చూస్తే ఎవరికీ జైలు పడదు, కలిపి చూస్తే ఒక ప్రాణం, ఒక కుటుంబం పోయాయి.

మన కథ ఇదీ. 2006లో రాజమండ్రి దగ్గర ఒక ఇంటర్ కాలేజీ పిల్లలు పిక్నిక్‌కి గోదావరి ఇసుక తిన్నె మీదికి వెళ్ళారు. ఒక కుర్రాడు మునిగిపోయాడు. లెక్చరర్ ఆడుతున్న బంతి నీళ్ళలోకి కొట్టుకుపోతుంటే, 'రేయ్, పోయి పట్టుకురారా' అని ఆయనే పంపించాడు. తర్వాత కాగితాల మీదికెక్కిన వాక్యం మాత్రం ఇది: 'వద్దన్నా వినకుండా నీళ్ళలోకి దిగాడు.' అంతే. ఆ ఒక్క వాక్యాన్ని ఏడుగురు ఏడు చోట్ల అన్నారు, రాశారు, అచ్చేశారు. పిల్లాడు పోయిన దుఃఖం ఒకెత్తు, పోయినవాడే తప్పు చేశాడని ఊరంతా అనుకోవడం ఇంకో ఎత్తు. ఆ తండ్రి 'నా పెంపకం అలాంటిది కాదు' అంటూనే కాలం చేశాడు.

మీ కథలో కూడా ఇలాంటి ఒక్క వాక్యం దొరికేదాకా ముందుకి వెళ్ళొద్దు. దొరకలేదంటే మీ దగ్గర ఉన్నది ఇంకా పగ కాదు, వట్టి కోపమే అన్నమాట.

రెండో మెట్టు: ఆట నియమం ఆ తప్పులోంచే పుట్టాలి

డెడ్లీ గేమ్ అనగానే మనకి పెద్ద తెర, ముసుగు మనిషి, లేజర్ కిరణాలు, టైమ్ బాంబు గుర్తొస్తాయి. అవన్నీ ఖర్చెక్కువ, భయం తక్కువ. నియమం ఒకటే ఉండాలి, పదేళ్ళ పిల్లాడికి చెప్పినా అర్థమవ్వాలి, పాత తప్పు ఆకారమే దానికీ ఉండాలి.

మన కథలో ఆట ఇది: రోజూ రాత్రి భోజనాలయ్యాక ఏడుగురూ గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని ఆ పిక్నిక్ రోజు గురించి తలా ఒక వాక్యం తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఎవరు అబద్ధం రాస్తే వాళ్ళ కుడిపక్కన కూర్చున్న మనిషి తెల్లారేసరికి ఉండడు. రాసినవాడికి ఏమీ కాదు, పక్కవాడు పోతాడు. ఆ రోజు జరిగింది కూడా అదే కదా, వీళ్ళు అబద్ధం చెప్పారు, శిక్ష ఇంకెవరికో పడింది.

ఇప్పుడు ఆ నియమం ఏమేం పనులు చేస్తోందో చూడండి. పక్కవాడి ప్రాణం నా చేతిలో, నా ప్రాణం ఎడమపక్కవాడి నోట్లో ఉంటుంది కాబట్టి అపరిచితుల మధ్య రాత్రికి రాత్రే బేరాలు, బెదిరింపులు, కాళ్ళు పట్టుకోవడాలు మొదలవుతాయి. కుర్చీల కోసం కొట్లాట వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరు రాసింది అబద్ధమో తేల్చాలంటే ఆ రోజు అక్కడ ఉన్న మనిషే అయ్యుండాలి. అంటే హంతకుడి మీద మొదటి ఆధారం నియమంలోనే పడుంది, పాఠకుడి కళ్ళ ముందే, అయినా చాలామందికి ఆనదు. ఇంకోటి: హంతకుడు కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుంటాడు కాబట్టి, నిజం రాసే మనిషికి కుడిపక్కన తను ఉండేలా చూసుకోవాలి. అందుకే రెండో రాత్రి 'ఫ్యాన్ గాలి తగలట్లేదండీ' అంటూ కుర్చీ మారతాడు. వర్షంలో, కొండ మీద, రాత్రిపూట ఫ్యాన్ గాలి ఎవరికి కావాలి? పాఠకుడు ఆ మాట చదివి ముందుకి వెళ్ళిపోవాలి, రెండోసారి చదివినప్పుడు నెత్తి కొట్టుకోవాలి.

ఒక నియమాన్ని హంతకుడే మధ్యలో తప్పితే దానికి గట్టి కారణం చూపించండి, లేదా అదే మలుపు చేయండి. ఊరికే మీ సౌకర్యం కోసం మార్చారా, అక్కడితో ఆట అయిపోయినట్టే.

మూడో మెట్టు: మనుషుల్ని నిజంగా అపరిచితులుగా ఉంచడం

ఇక్కడే చాలా నవలలు దొరికిపోతాయి. ఒకే కాలేజీలో పనిచేసిన నలుగురిని తెచ్చి అపరిచితులంటే ఎవరు నమ్ముతారు? ఒకరి మొహం ఒకరు మొదటి పేజీలోనే గుర్తుపడతారు. అందుకని తప్పుని వృత్తులవారీగా పంచండి. మన ఏడుగురు వీళ్ళు: బంతి కోసం పంపిన లెక్చరర్, ఆ ఒక్కరోజుకి కిరాయికి వచ్చిన బస్సు డ్రైవరు, పడవ యజమాని, శవ పంచనామాలో సంతకం పెట్టిన ఊరి పెద్ద, పేపర్లో ఆ వాక్యం అచ్చేసిన మండల విలేకరి, కాలేజీ తరఫున తండ్రితో రాజీ కుదిర్చిన లాయరు, చివరగా చచ్చిపోయిన కుర్రాడి క్లాస్‌మేట్, అతనే మన హంతకుడు. అప్పుడు పదిహేడేళ్ళవాడు, కాలేజీ విచారణలో లెక్చరర్ చెప్పినట్టే రాసి సంతకం పెట్టాడు. ఇరవై ఏళ్ళ తర్వాత గడ్డం, బట్టతల, కళ్ళజోడుతో వస్తే వందలమందికి పాఠం చెప్పిన లెక్చరర్‌కి ఏం గుర్తుంటాడు?

సంతకాల దగ్గర ఒక జాగ్రత్త. సాక్షి పోలీసులకిచ్చే వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోకూడదు, పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 162వ సెక్షన్ అదే చెప్పింది, దాని చోట వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 181 కూడా అదే అంటుంది. అందుకే నేను సంతకాలని కాలేజీ విచారణకి, పంచనామాకి మార్చాను. స్టేషన్‌లో ఎస్‌ఐ 'ఇక్కడ సంతకం పెట్టు' అంటూ సాక్షి వాంగ్మూలం తీసుకున్నట్టు రాస్తే చదివే లాయరు ఒక్కడైనా నవ్వుకుంటాడు.

పేర్ల సంగతి. రమణ, రమేష్, రాము, రాజారావు అని నలుగురిని దించితే నలభయ్యో పేజీలో ఎవరు చచ్చారో పాఠకుడికి తెలీదు. తలా ఒక అక్షరంతో మొదలుపెట్టండి. ఇంటిపేర్లు కావాలనే తప్ప ఇవ్వకండి. మన దగ్గర ఇంటిపేరు వినగానే చదివేవాళ్ళు కులం, జిల్లా రెండూ ఊహించేసి ఎవరు ఎవరి వైపో లెక్కలేసేస్తారు. అది వాడుకోవాలనుకుంటే దర్జాగా వాడుకోండి, పొరపాటున మాత్రం జారనివ్వద్దు. చాలామందిని ఇంటిపేర్లతో కాక వృత్తితో పిలవడమే మేలు: లాయరు గారు, డ్రైవరు, మాస్టారు. మనవాళ్ళు నిజంగా పిలుచుకునేదీ అలాగే.

నాలుగో మెట్టు: పిలుపు

ఆకాశరామన్న ఉత్తరం రాగానే సూట్‌కేసు సర్దుకుని బయల్దేరే తెలుగువాడు లేడు. 'ఎవరు పంపారు, ఎందుకు పంపారు, దీంట్లో మోసం ఏంటి' అని అడిగేవాళ్ళే ఎక్కువ. కాబట్టి ఒక్కొక్కరికీ ఒక్కో ఎర కావాలి, అదీ వాళ్ళ అవసరాన్ని బట్టి.

ఊరి పెద్ద భూమి 22ఏ నిషేధిత జాబితాలో ఇరుక్కుని రిజిస్ట్రేషన్ ఆగిపోయింది అనుకుందాం, 'జాబితాలోంచి తీయించే మనిషి వస్తున్నాడు, ఒకసారి కలవండి' అంటే రెక్కలు కట్టుకుని వాలతాడు. విలేకరికి సొంత యూట్యూబ్ ఛానెల్, 'పెట్టుబడి పెట్టే పార్టీ ఉంది' అంటే చాలు. లెక్చరర్‌కి పూర్వ విద్యార్థుల సన్మానం, శాలువా, మెమెంటో. డ్రైవర్‌కి మామూలు కిరాయి, రెండు రోజుల బత్తా. ఒక్కో ఎర ఆ మనిషి స్వభావాన్ని చెప్తుంది కాబట్టి పాత్ర పరిచయం కోసం వేరే పేజీలు ఖర్చు పెట్టక్కర్లేదు. అందరికీ ఒకే రకం ఆహ్వానం పంపితే మాత్రం వాళ్ళు కలిసిన పది నిమిషాల్లో విషయం బయటపడిపోతుంది.

ఐదో మెట్టు: చోటు, సిగ్నల్

మూసేసిన చోటు అంటే దీవే కానక్కర్లేదు. నేను మారేడుమిల్లి ఎంచుకున్నాను. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా వెళ్తారు, అక్కడి నుంచి చింతూరు వైపు ఘాట్ రోడ్డు. ఆగస్టు వానల్లో ఒక చెట్టు కూలినా, కొండచరియ జారినా, వాగు పొంగినా దారి బందు. టూరిస్టులు బొంగులో చికెన్ తిని ఫోటోలు దిగే చోటే కాబట్టి ఏడుగురు అక్కడ చేరితే ఎవరికీ అనుమానం రాదు. మీకు తెలిసిన చోటు ఇంకోటి ఉంటే అదే తీసుకోండి. నల్లమలలో అతిథిగృహమైనా, తుఫాను రోజుల్లో తీరంలో రొయ్యల చెరువుల మధ్య షెడ్డయినా పనికొస్తుంది. చూడని చోటు గురించి మాత్రం రాయొద్దు, తడి మట్టి ఏ రంగులో ఉంటుందో కూడా తెలీకుండా కొండ వర్ణించడం కష్టం.

ఇక ఫోన్లు. 'సిగ్నల్ లేదు' అని ఒక్క మాట రాసేసి చేతులు దులుపుకుంటే కుదరదు. ఈ రోజుల్లో ప్రతి జేబులో టార్చి, కెమెరా, గడియారం, రికార్డరు ఉన్నాయి. సిగ్నల్ లేకపోయినా శవం ఫోటో తీస్తారు, ఆ ఫోటో మీద టైమ్ ఉంటుంది. ఛార్జింగ్ ఎంత ఉందో చూసుకుంటారు, పవర్ బ్యాంక్ ఉన్నవాడు రాజవుతాడు. వీటిని అడ్డంకులనుకోకుండా ఆధారాలుగా మార్చుకోండి.

ఉదాహరణకి వాట్సాప్. నెట్ లేనప్పుడు మెసేజ్ పంపితే పక్కన చిన్న గడియారం బొమ్మ ఉండిపోతుంది. మెసేజ్ ఫోన్ దాటి సర్వర్‌కి చేరితేనే ఒక టిక్కు పడుతుంది. అవతలివాళ్ళ ఫోన్‌కి అందితే రెండు టిక్కులు. ఇప్పుడు ఈ సీను చూడండి: లాయరు గారు భార్యకి పంపిన నాలుగు మెసేజ్‌లకీ గడియారాలే ఉన్నాయి. అందరూ ఫోన్లు బల్ల మీద పెట్టి ఒకరివి ఒకరు చూసుకుంటున్నారు. క్లాస్‌మేట్ ఫోన్‌లో ఎవరికో పంపిన మెసేజ్ పక్కన ఒక్క టిక్కు ఉంది. 'నాదీ వెళ్ళలేదండీ, చూడండి, ఒక్క టిక్కే' అని అతనే చూపిస్తాడు. అందరూ తలూపుతారు. ఒక్క టిక్కు అంటే వెళ్ళినట్టేనని, అవతలి ఫోన్ ఆగిపోయి ఉందని, అంటే ఈ ఇంట్లో ఎక్కడో వైఫై నడుస్తోందని ఎవరికీ తట్టదు. రోజూ వంద మెసేజ్‌లు పంపే పాఠకుడికి కూడా తట్టదు చూడండి!

ఆరో మెట్టు: తెలుగు క్రియ హంతకుణ్ణి పట్టిచ్చేస్తుంది, జాగ్రత్త

ఇది తెలుగులో రాసేవాళ్ళకి తప్పని తలనొప్పి. హంతకుడి వైపు నుంచి ఒక అధ్యాయం రాయాలి, మనిషి మగో ఆడో చెప్పకూడదు. 'తలుపు తీశాడు' అంటే మగ, 'తీసింది' అంటే ఆడ, సగం పేర్లు అక్కడికక్కడే ఎగిరిపోతాయి. 'తలుపు తీయబడింది' అని రాస్తే గవర్నమెంటు సర్క్యులర్ చదువుతున్నట్టుంటుంది. మరి ఏం చేయాలి?

అన్నిటికంటే తేలికైన దారి ఉత్తమ పురుష. 'నేను తలుపు తీశాను' అంటే ఆడా మగా తేడా లేదు. హంతకుడి అధ్యాయాలన్నీ 'నేను'తో రాసి మిగతావి మామూలుగా రాయండి. కాకపోతే ఇక్కడ ఒక నిజాయితీ పాటించాలి. 'నేను' అంటున్న మనిషి మనసులో ఉన్నదాని గురించి పాఠకుడికి అబద్ధం చెప్పకూడదు, చెప్పకుండా వదిలేయొచ్చు అంతే. రెండో దారి, మనిషిని పక్కకి తప్పించి వస్తువుని ముందుకి తేవడం. 'గొళ్ళెం నెమ్మదిగా పైకి లేచింది. తలుపు సందులోంచి టార్చి వెలుగు మంచం కోడు దాకా పాకింది.' ఇందులో ఎవరూ లేరు, అయినా భయం వేస్తుంది. మూడోది బహువచనం, 'ఎవరో మెట్లెక్కుతున్నారు'. గౌరవమూ కాదు, గుంపూ కాదు, మనం రోజూ వాడే మాటే. ఈ మూడూ కలిపి వాడితే సగం పుస్తకం దాకా నెట్టుకురావొచ్చు.

సర్వనామాలతో ఇంకో ఆట కూడా ఉంది. వాడు, అతను, ఆయన: ఒకే మనిషిని ఎవరు ఏమంటున్నారో పాఠకుడు గమనించకుండానే గమనిస్తాడు. రెండు రోజులుగా లెక్చరర్‌ని 'ఆయన' అంటున్న మనిషి, శవం దగ్గర నిలబడి ఒక్కసారి 'వాడి పెన్ను ఎక్కడుంది?' అన్నాడనుకోండి. దాని గురించి ఒక్క ముక్క కూడా వివరించకండి, అలా వదిలేయండి.

ఏడో మెట్టు: ఆధారాలని వరసల్లో, యాసల్లో దాచడం

ఈ మార్గదర్శి మొత్తంలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

బంగళాలో వంట చేసే ఆవిడ ఒకరుంటుంది. ఏడుగురిలో లెక్క కాదు, ఎవరి కంటికీ ఆనదు. నిజానికి ఆవిడ చచ్చిపోయిన కుర్రాడి అక్క. ఆ రోజు శవం తీసుకెళ్ళడానికి తండ్రి ఒక్కడే వచ్చాడు కాబట్టి మిగతావాళ్ళెవరూ ఆవిడని చూడలేదు. క్లాస్‌మేట్ మాత్రం చిన్నప్పుడు వాళ్ళింట్లో చద్దన్నం తిన్నవాడు. ఇప్పుడు ఆ సంబంధాన్ని పాఠకుడి ముందే పెట్టి కనపడకుండా చేయాలి. ఇదిగో ఇలా:

'ఏమ్మా, ఇంకో రెండు చపాతీలు' అన్నాడు లాయరు, తలెత్తకుండానే.
'చట్నీలో ఉప్పెక్కువైందమ్మా' అన్నారు మాస్టారు.
ఊరి పెద్ద చేత్తో సైగ చేశాడు, నీళ్ళు అని.
అతను మాత్రం కంచం తీసి సింకు దగ్గర పెట్టి, 'అక్కా, నువ్వు తిన్నావా?' అన్నాడు.

అంతే. చదివినవాళ్ళకి 'మంచి కుర్రాడు, మర్యాద తెలిసినవాడు' అనిపిస్తుంది. మన దగ్గర ముక్కూమొహం తెలియని ఆడమనిషిని కూడా అక్కా అనడం మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ గమనించండి, కొత్తగా పరిచయమైన, తనకంటే పెద్దావిడని 'నువ్వు' అన్నాడు. అదే అసలు ఆధారం. నూట ఎనభయ్యో పేజీలో డ్రైవరు, అంటే మర్యాదల లెక్క బాగా తెలిసిన మనిషి, 'నేనే ఆవిడని మీరంటున్నాను, చదువుకున్న బాబు మొదటి పూటే నువ్వన్నాడేంటి?' అన్నప్పుడు మొత్తం వెనక్కి తిరుగుతుంది. మరి ఆవిడకి ఈ హత్యల సంగతి తెలుసా, తెలిసే వండి పెడుతోందా? అది నేను చెప్పను, నవల రెండో సగం ఆ ప్రశ్న మీదే నడవాలి.

యాస కూడా ఇలాగే పనికొస్తుంది. తను విజయవాడలో పుట్టి పెరిగానని చెప్పుకునే మనిషి భయపడ్డప్పుడు 'ఏటైపోనాది?' అన్నాడంటే ఉత్తరాంధ్ర లోపల్నుంచి తన్నుకొచ్చినట్టే. కరీంనగర్ మనిషి ఎంత పుస్తకాల భాష మాట్లాడినా కోపమొస్తే 'ఏడికి పోయిండు' అనేస్తాడు. అయితే యాసని ఎగతాళికి వాడొద్దు, ప్రతి మాటలో కుక్కొద్దు. మూడు వందల పేజీల్లో రెండు చోట్ల జారితే చాలు. మీ సొంత యాస కాకపోతే ఆ ప్రాంతం మనిషికి చూపించి దిద్దించుకోండి.

ప్రతి నిజం ఆధారానికీ తోడుగా ఒక తప్పుదారి ఉండాలి, కానీ ఆ తప్పుదారికి కూడా సొంత సంజాయిషీ ఉండాలి. పడవ యజమాని రాత్రిళ్ళు బయట తిరగడం పాఠకుడికి అనుమానం తెప్పించిందనుకోండి, చివరికి 'ఊరికే తిరిగాడు' అంటే మోసం. షుగరు ఉన్న మనిషి, దొంగచాటుగా కారు డిక్కీలో దాచుకున్న మిఠాయి తినడానికి వెళ్తున్నాడంటే పాఠకుడు నవ్వి ఊరుకుంటాడు.

ఎనిమిదో మెట్టు: శవం, పోలీసులు, చట్టం

ఇక్కడ ఎక్కువసేపు ఆగను, కానీ కొన్ని విషయాలు తప్పితే పరువు పోతుంది.

మనిషి పోయాక ఒళ్ళు బిగుసుకోవడం మన వాతావరణంలో సుమారు రెండు మూడు గంటల్లో మొదలై పన్నెండు గంటలయ్యేసరికి ఒళ్ళంతా పాకుతుంది, తర్వాత మెల్లగా వదులుతుంది. ఎండలో త్వరగా, చలిలో ఆలస్యంగా. శవం ఏ పక్కన పడుకుని ఉంటే ఆ కింది వైపు రక్తం పేరుకుని నీలిమచ్చలు వస్తాయి, ఆరేడు గంటలు దాటాక అవి చెరగవు. బోర్లా పడున్న శవానికి వీపు మీద మచ్చలుంటే ఎవరో తర్వాత తిప్పారన్నమాట, డాక్టరు కాకపోయినా పాతకాలపు ఊరి పెద్ద ఇది పట్టేయగలడు. 'సరిగ్గా 11 గంటల 20 నిమిషాలకి చనిపోయాడు' అని చూసి చెప్పే డాక్టర్ని మాత్రం రాయకండి, అంత కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. విషప్రయోగమైతే డాక్టరు అక్కడికక్కడే విషం పేరు చెప్పడు, అవయవాల నమూనాలు ఫోరెన్సిక్ ల్యాబ్‌కి వెళ్ళాలి, రిపోర్టు రావడానికి టైమ్ పడుతుంది. విషం పేరు, మోతాదు మీరూ రాయక్కర్లేదు, కథకి దాంతో పనే లేదు. మామూలు కేసుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయొచ్చని 2021లో కేంద్రం అనుమతిచ్చింది గానీ, హత్య కేసులకి ఆ వెసులుబాటు సాధారణంగా లేదు.

2024 జులై 1 నుంచి చట్టాలు మారాయి. ఇప్పుడు హత్యకి 302 అని రాస్తే తప్పు, పాత ఐపీసీ చోట వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103 అనాలి. కానీ 2006 నాటి సంగతులకి పాత ఐపీసీ సెక్షన్లే. మన కథలో రెండు కాలాలున్నాయి కాబట్టి రెండూ వస్తాయి, రిటైరైన మనిషి నోట 302 అనే అనిపించండి, సహజంగా ఉంటుంది. ఏడేళ్ళు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాలకి ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలని కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ 176 చెప్తోంది, మన పేపర్లలో రాసే క్లూస్ టీమ్ అన్నమాట. మొదట వచ్చేది ఎస్‌ఐ, ఆ తర్వాత సీఐ, డీఎస్పీ. హైదరాబాద్, విజయవాడ లాంటి కమిషనరేట్లలో డీఎస్పీ చోట ఏసీపీ ఉంటాడు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు క్లైమాక్స్‌లో జరుగుతుంది. హంతకుడు పోలీసాఫీసరు ముందు నాలుగు పేజీల డైలాగు చెప్పి 'అవును, నేనే చంపాను' అంటాడు, బేడీలు వేస్తారు, శుభం. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. పాత సాక్ష్యాల చట్టంలో 25, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 23. అతను చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకే పనికొస్తుంది. మేజిస్ట్రేటు ముందు చెప్తే వేరు. దీన్ని ఇబ్బంది అనుకోకండి. అంతా తెలిసి కూడా నిరూపించలేని సీఐ, అంతా ఒప్పుకుని కూడా ఎదురుగా టీ తాగుతూ కూర్చున్న హంతకుడు, ఇద్దరి మధ్యా ఏడు సంతకాల కాగితాలు. ఇంతకంటే మంచి చివరి సీను ఏం కావాలి?

తొమ్మిదో మెట్టు: అధ్యాయాలు పేర్చడం

ఒక పెద్ద కాగితం మీద గంటలవారీగా పట్టిక గీయండి. నిలువుగా టైమ్, అడ్డంగా తొమ్మిది గడులు: ఏడుగురు, వంటావిడ, చివరి గడిలో 'పాఠకుడికి తెలిసింది'. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో నింపండి. ఆ చివరి గడి ఖాళీగా ఉన్న చోట అధ్యాయం నీరసంగా ఉందని అర్థం, అక్కడ కొత్త సంగతి ఒకటి పడాలి.

చావుల మధ్య దూరం సమానంగా ఉంచొద్దు. మొదటిది ఆలస్యంగా రానివ్వండి, రెండోది వెంటనే, మూడోది అందరూ ఎదురుచూస్తున్న రాత్రి జరక్కుండా ఆగిపోవాలి. ఎవరూ చావని ఆ తెల్లారి అందరి మధ్యా పుట్టే అనుమానం ఒక శవం కంటే బరువుగా ఉంటుంది, ఎందుకంటే ఎవరూ చావలేదంటే అందరూ నిజం రాశారని, అంటే కొందరికి విషయం బయటపడిపోయిందని అర్థం. ఏడుగురినీ చంపేయక్కర్లేదు కూడా. ముగ్గురు చాలు, మిగతా నలుగురు ఒకరినొకరు చూసుకుంటూ బతకాలి కదా.

ప్రతి అధ్యాయం చివరా కెవ్వుమని కేక పెట్టించడం వారపత్రికల సీరియళ్ళ కాలం నాటి అలవాటు. అప్పట్లో పాఠకుడు వారం ఆగాలి కాబట్టి అవసరం. ప్రతిలిపి లాంటి ఆన్‌లైన్ కథల వేదికలో భాగాలుగా పెడుతున్నా సరే, మూడింట ఒకసారి కేక, మిగతా రెండుసార్లు ఒక చిన్న తేడా చాలు. కంచాలు ఏడు ఉండాల్సిన చోట ఎనిమిది ఉండటం లాంటిది.

పదో మెట్టు: దిద్దడం

మొదటి ప్రతి పూర్తయ్యాక కొన్నాళ్ళు పక్కన పడేయండి. తర్వాత చివరి అధ్యాయం నుంచి వెనక్కి చదవండి. హంతకుడు చేసిన ప్రతి పనికీ ముందు ఎక్కడో ఒక జాడ ఉందా లేదా గుర్తు పెట్టండి. జాడ లేని పని ఉంటే మోసం చేసినట్టు, ఒకే జాడ మూడుసార్లు ఉంటే అరిచి చెప్పినట్టు. సంభాషణలన్నీ పైకి చదవండి. 'నేను నిన్ను ద్వేషిస్తున్నాను' లాంటి డబ్బింగు ముక్కలు నోటికి అడ్డం పడతాయి, మనం అలా అనం, 'నీ మొహం చూడాలంటేనే ఒళ్ళు మండుతోంది' అంటాం.

ఆ తర్వాత ముగ్గురికివ్వండి. ఇంట్లోవాళ్ళు వద్దు, 'బాగుంది' అనేస్తారు. థ్రిల్లర్లు తెగ చదివే ఒకరు, అసలు చదవని ఒకరు, కోర్టు సంగతులో పోలీసు సంగతులో తెలిసిన ఒకరు. హంతకుడెవరో కనిపెట్టమని అడగొద్దు. ఎవరి మీద అనుమానం వస్తే ఆ పేజీ అంచున పెన్సిల్‌తో ఆ పేరు రాయమనండి, మారినప్పుడల్లా మళ్ళీ రాయమనండి. పుస్తకాలు తిరిగొచ్చాక మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. అరవయ్యో పేజీలోపే ముగ్గురూ అసలు పేరు రాసేస్తే ఆ చుట్టుపక్కల ఏదో ఒక ఆధారాన్ని తీసేయాలి. చివరిదాకా ఒక్కరు కూడా రాయకపోతే ఆధారాలు మీ బుర్రలోనే ఉండిపోయాయి, కాగితం మీద పడలేదు, ఇంకో రెండు చేర్చాలి. పేరు ఒకసారి రాసి, తర్వాత కొట్టేసి, ఇరవై పేజీలకి మళ్ళీ రాశారంటే ఆ భాగాన్ని ఇక ముట్టుకోకండి.